వేగం ఉంది, వేళ తప్పుతోంది: గేమింగ్ కంప్యూటర్లో తెగే శబ్దం, తడబడే మౌస్

(కంప్యూటర్ మరమ్మతు నేర్చుకుంటున్న యువకులకు, గేమింగ్ సెంటర్లు నడిపేవారికి ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మాటల్లోకి వెళ్లే ముందు ఒక పని మొదలుపెట్టి వదిలేస్తాను. ఈ బల్ల మీద ఉన్న కంప్యూటరు నిన్న సాయంత్రం నా దగ్గరకు మరమ్మతుకు వచ్చింది. ఆట మధ్యలో హెడ్‌సెట్‌లో ఉన్నట్టుండి చిటపటమంటుంది, అదే క్షణంలో మౌస్ గుర్తు ఒకచోట ఆగి, మరోచోటికి దూకుతుంది. ఇందులో ఆలస్యాలను కొలిచే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం వేశాను, ఇంటి వాడకానికి ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఇప్పుడు నడిపిస్తున్నాను. పక్కన ఒక పాట కూడా సన్నగా పెడుతున్నాను. నేను మాట్లాడినంతసేపూ ఇవి నడుస్తూనే ఉంటాయి. చివర్లో తెర మీద ఏమి తేలిందో అందరం చూద్దాం.

ఈ కంప్యూటరు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదివే అబ్బాయిది. తండ్రితో కలిసి వచ్చాడు. కొని ఏడాదైంది. ఈ ఏడాదిలో హెడ్‌సెట్ రెండుసార్లు మార్చారు, మౌస్ ఒకసారి మార్చారు, ర్యామ్ రెట్టింపు చేశారు. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది. “ఇంత డబ్బు పోసినా స్పీడు చాలడం లేదండీ” అన్నారు ఆ తండ్రి. ఆ అబ్బాయి తలవంచుకుని నిలబడ్డాడు, తానే ఏదో పాడుచేశానన్నట్టు. నాకు బాధ కలిగింది. ఆ అబ్బాయి తప్పు ఏమీ లేదు. ఈ కంప్యూటరుకు స్పీడు తక్కువ కూడా కాదు. వేగం వేరు, వేళకు అందడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూసినంత కాలం మనం డబ్బు ఖర్చు పెడుతూనే ఉంటాం, శబ్దం తెగుతూనే ఉంటుంది.

పెళ్లిలో పంక్తి భోజనం గుర్తు తెచ్చుకోండి. విస్తరి ముందు కూర్చున్న మనిషి ఒకే తీరున, ఒక్క క్షణం కూడా ఆగకుండా తింటున్నాడు అనుకుందాం. వడ్డించేవాడు వరుసగా వస్తూ, విస్తరి ఖాళీ అయ్యేలోపు మళ్లీ అన్నం పెట్టాలి. కంప్యూటరులో సౌండ్ కార్డు ఆ తినేవాడు. సెకనుకు 48,000 శబ్ద నమూనాలు తింటుంది. విండోస్ మామూలుగా 10 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే విడతకు 480 నమూనాల చొప్పున వడ్డిస్తుంది. ఆ విస్తరినే బఫర్ అంటాం. వడ్డించేవాడు ఎంత చురుకైనవాడైనా, వంటశాల ఎంత పెద్దదైనా, ఎవరో పిలిచి పక్కన నిలబెట్టి మాట్లాడుతూ ఉంటే ఆ కాసేపట్లో విస్తరి ఖాళీ అవుతుంది. అప్పుడు మీకు వినిపించేదే ‘టిక్’ అనే చప్పుడు. కంప్యూటరు పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు ‘బర్ర్’మని ఒకే ముక్క ఆగకుండా మోగుతుంది కదా, అదీ ఇదే. కొత్త నమూనాలు రాక, బఫరులో మిగిలిన పాత ముక్కనే సౌండ్ కార్డు మళ్లీ మళ్లీ వాయిస్తుంది.

వడ్డించేవాణ్ణి పిలిచి నిలబెట్టేది ఎవరు? కంప్యూటరులోని మిగతా పరికరాలు. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, డిస్కు, వీటిలో దేనికి పని పడినా ప్రాసెసరును పిలుస్తుంది. ఆ పిలుపు పేరు ఇంటరప్టు. పిలుపు అందగానే ఆ పరికరపు డ్రైవరు, అంటే దాన్ని నడిపించే ప్రోగ్రాం, అత్యవసరమైన ముక్క వరకు చేసి, మిగిలినదాన్ని వెంటనే చేయవలసిన పనుల వరుసలో పెడుతుంది. ఆ వరుసలోని పనులను డీపీసీలు అంటారు. ప్రాసెసరులో విడిగా పనిచేసే భాగాన్ని కోర్ అంటారు. ఒక కోర్ మీద డీపీసీ నడుస్తున్నంతసేపు ఆ కోర్ మీద మామూలు ప్రోగ్రాం ఏదీ అడుగు కదపలేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. విండోస్ విస్టా నాటి నుంచి శబ్దానికి అలాంటి మనవాడు ఒకడున్నాడు. శబ్దం పనులకు మిగతా ప్రోగ్రాముల కంటే ముందు వంతు ఇప్పించే సర్వీసు ఒకటి విండోస్‌లోనే ఉంది. కానీ ఆ మనవాడు కూడా డీపీసీ ముందు నిలవలేడు. టాస్క్ మేనేజర్లో ఆటకు ‘హై ప్రయారిటీ’ పెట్టి చూశాం, ఫలితం లేదు అని చాలామంది నాతో అంటారు. ఫలితం ఉండకపోవడానికి కారణం ఇదే. డ్రైవర్లు రాసేవారికి మైక్రోసాఫ్ట్ చెప్పే లెక్క ఏమిటంటే, ఇంటరప్టు పని 25 మైక్రోసెకన్లు, డీపీసీ పని 100 మైక్రోసెకన్లు దాటకూడదు. వెయ్యి మైక్రోసెకన్లు ఒక మిల్లీసెకను. ఒక చెడ్డ డ్రైవరు ఆ లెక్క మీరి వేల మైక్రోసెకన్లు పట్టుకుని కూర్చుంటే, అలాంటివి రెండు మూడు వెంటవెంటనే పడితే, 10 మిల్లీసెకన్ల విస్తరి ఖాళీ. మౌస్ నుంచి వచ్చిన కదలిక కూడా ఆ వరుస వెనకే నిలబడుతుంది. అందుకే శబ్దం తెగడం, మౌస్ దూకడం ఒకే క్షణంలో జరుగుతాయి. రెండూ కలిసి వస్తే హెడ్‌సెట్‌ను, మౌస్‌ను అనుమానించకండి. రెండు మంచి వస్తువులు ఒకే క్షణంలో చెడవు.

ఈ తగవు కొత్తది కాదు. సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు తెచ్చినప్పుడు అది మామూలుగా 7వ నంబరు ఇంటరప్టు మీద పనిచేసేది. ప్రింటరు పోర్టుదీ అదే నంబరు. రెండూ గొడవపడేవి. తర్వాతి కార్డులకు 5వ నంబరు మామూలైంది. విండోస్‌కు ముందటి డాస్‌లో ఆట మొదలుపెట్టే ముందు ఇంటరప్టు నంబరు వంటివి మనమే చెప్పవలసి వచ్చేది. ఇప్పుడు ఆ నంబర్లు మన కంటికి కనిపించవు గానీ, పిలుపుల రద్దీ ఎంతో పెరిగింది.

ఇక మీ చేతిపని. మొదటి పరికరం మీ చెవి. శబ్దంలో వినిపించే ప్రతి లోపమూ వేళ తప్పడం వల్ల వచ్చినదే కానక్కర్లేదు, చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది. సన్నగా, ఆగకుండా గుంయ్‌మనే మోత ఉంటే అది మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ కరెంటు మోత. మౌస్ కదిలిస్తే కీచుమని, ఆటలో దృశ్యం బరువెక్కితే ఆ కీచు స్థాయి మారితే, అది క్యాబినెట్ లోపలి విద్యుత్ రొద సౌండ్ తీగలోకి చొరబడడం. క్యాబినెట్ ముందుభాగంలోని జాక్‌కు వెళ్లే సన్నని తీగ గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పోతుంది కాబట్టి అక్కడ ఎక్కువ. హెడ్‌సెట్‌ను వెనుక జాక్‌లో పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ సౌండ్ అడాప్టరు ఒకటి తగిలించి చూడండి. రొద పోయిందంటే రోగం ఎక్కడుందో తేలిపోయినట్టే.

ఎర్తింగ్ గురించి గట్టిగా చెప్పాలి. మన పట్టణాల్లో చాలా అద్దె ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, వెనుక ఎర్త్ తీగ ఉండదు. క్యాబినెట్ రేకును తాకితే వేళ్లు జిల్లుమంటాయి. పవర్ సప్లైలో రొదను వడకట్టడానికి ఉండే కెపాసిటర్లు, ఎర్త్ లేనప్పుడు, 230 వోల్టుల్లో దాదాపు సగాన్ని ఆ రేకు మీదికి తెస్తాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి మామూలుగా ప్రాణాపాయం ఉండదు, కానీ ఆ రొద అంతా హెడ్‌సెట్‌లోకి వస్తుంది. కొందరు మోత పోవడానికి మూడో పిన్ను తీసేస్తారు, లేదా టూ-పిన్ కన్వర్టరు పెడతారు. దయచేసి ఎప్పుడూ, ఎవరికీ అలా చేసి ఇవ్వకండి. లోపల ఇన్సులేషన్ చెడిన రోజున ఆ పిన్నే మనిషిని కాపాడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ వేయించమని ఇంటి యజమానికి చెప్పించండి. మీటరుతో ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిస్తే 230కి దగ్గరగా రావాలి, న్యూట్రలుకూ ఎర్తుకూ మధ్య దాదాపు ఏమీ ఉండకూడదు. ఈ కొలత అలవాటున్నవారి చేత చేయించండి.

ఇంకొక ఫిర్యాదు తరచుగా వస్తుంది: “బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాటలు బాగుంటాయి, ఆట మొదలుపెట్టగానే పాత ల్యాండ్‌లైన్ ఫోనులా మారిపోతుంది.” అది చెడిపోవడం కాదు. సంప్రదాయ బ్లూటూత్‌లో, ఆటలో మాట్లాడుకోవడానికి మైకు తెరుచుకోగానే హెడ్‌సెట్ స్టీరియో పద్ధతి వదిలి ఫోన్ కాల్ పద్ధతికి మారుతుంది. అప్పుడు నమూనాలు సెకనుకు 8,000, లేదా బాగుంటే 16,000. ఎడమ, కుడి తేడా ఉండదు. శత్రువు అడుగుల చప్పుడు ఏ వైపునుంచి వస్తోందో ఇక తెలియదు. బ్లూటూత్‌లో శబ్దం 100 మిల్లీసెకన్లకు మించి ఆలస్యం కావడం కూడా మామూలే. కాబట్టి ఆటకు తీగ ఉన్న హెడ్‌సెట్, లేదా యూఎస్‌బీ పోర్టులో పెట్టే చిన్న రిసీవరు, అంటే సొంత డాంగిల్‌తో వచ్చే హెడ్‌సెట్ వాడమని చెప్పండి. బ్లూటూతే కావాలంటే మైకు విడిగా పెట్టుకోవాలి. గ్రాఫిక్స్ డ్రైవరు కొత్తది వేసిన మర్నాడు శబ్దం అసలే రాకపోతే, విండోస్ శబ్దాన్ని మానిటరు వైపు పంపుతోందేమో ముందు చూడండి. అది ఒక్క నిమిషం పని.

డాంగిల్ మాట వచ్చింది కాబట్టి వైర్‌లెస్ మౌస్ సంగతి. మౌస్ డాంగిల్ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు, అంటే చాలా కంప్యూటర్లలో నీలం రంగులో కనిపించేది, పనిచేసేటప్పుడు సరిగ్గా ఆ పౌనఃపున్యాల చుట్టూ రేడియో రొద చిమ్ముతుంది. ఇంటెల్ 2012లో దీని మీద ఒక పత్రమే విడుదల చేసింది. క్యాబినెట్ వెనుక, ఇనుప రేకు చాటున, బయటి హార్డ్ డిస్కు తీగ పక్కనే డాంగిల్ పెట్టి, బల్ల మీది మౌస్ తడబడుతోందంటే ఆశ్చర్యం లేదు. మీటరు పొడవు యూఎస్‌బీ తీగతో డాంగిల్‌ను మౌస్ పక్కకు తెచ్చి పెట్టండి. నేను చూసిన వైర్‌లెస్ మౌస్ ఫిర్యాదుల్లో చాలావాటికి ఆ తీగే మందు.

మౌస్ కంప్యూటరుకు ఎంత తరచుగా కబురు చెప్పాలన్నది పోలింగ్ రేటు. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి చెబుతుంది. గేమింగ్ మౌస్ 1,000 సార్లు. ఇప్పుడు 8,000 సార్లు చెప్పే మౌస్‌లు వచ్చాయి. అంకె పెద్దదైతే మంచిదే అనుకుని అదే పెట్టుకుంటారు. ప్రతి కబురూ ప్రాసెసరుకు ఒక పని. కొన్ని ఆటలు అంత రద్దీని తట్టుకోలేక, మౌస్ వేగంగా కదిపినప్పుడే దృశ్యం కుదుపులకు గురవుతుంది. 1,000కి తగ్గించి చూడండి. ఆ ఒక్క మార్పుతో కుదుపు పోతే ఇంకేమీ ముట్టుకోవద్దు.

ఒక నొక్కుకు రెండు క్లిక్కులు పడితే అది స్విచ్ లోపలి లోహపు రేకు అరుగుదల, సాఫ్ట్‌వేరు కాదు. మౌస్‌ను వేరే కంప్యూటరుకు తగిలించి చూస్తే తేలిపోతుంది. గేమ్ కంట్రోలరు పుల్ల వదిలేసినా ఆటగాడు తనంతట తాను నడుస్తుంటే అదీ అంతే, లోపలి భాగాల అరుగుదల. ఒక బటన్‌కు మెనూలో రెండు అడుగులు పడితే మాత్రం ఆటా, ఆటలు కొని నడిపించుకునే స్టీమ్ ప్రోగ్రామూ రెండూ కంట్రోలరును అందుకుంటున్నాయేమో చూడండి, ఒకదాన్ని ఆపేయాలి.

*(సభ నుంచి ఒకరు: “మా సెంటర్లో ఇద్దరు పిల్లలు ఒకే కీబోర్డు మీద ఆడతారు. ఒకరు గట్టిగా నొక్కుతుంటే రెండోవారి బటన్లు పనిచేయవు. కీబోర్డు మార్చాలా?”)*

మంచి ప్రశ్న. అన్నదమ్ములు ఒకే కీబోర్డు మీద భుజాలు రాసుకుంటూ ఆడే ఇళ్లన్నిటిలో ఈ గొడవ ఉంది. “నువ్వే నా బటన్ నొక్కావు” అని తిట్టుకుంటారు కూడా. ఇద్దరిదీ తప్పు కాదు. మామూలు కీబోర్డులో ప్రతి బటన్‌కు విడి తీగ ఉండదు. అడ్డ తీగలు, నిలువు తీగలు గళ్లుగా ఉంటాయి, ప్రతి గడి దగ్గర ఒక బటన్. ఒక చతురస్రానికి మూడు మూలల్లో ఉన్న మూడు బటన్లు ఒకేసారి నొక్కితే నాలుగో మూల కూడా నొక్కినట్టే సర్క్యూటుకు కనిపిస్తుంది. ఆ దొంగ బటన్ బయటకు రాకుండా కీబోర్డు మూడోదాన్నే లెక్కలోకి తీసుకోదు. ప్రతి బటన్‌కు, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు ఉన్న కీబోర్డులో ఈ ఇబ్బంది ఉండదు. మార్చే ముందు ఒక పని చేయండి: ఆట సెట్టింగుల్లో ఒకరి బటన్లు వేరే చోటికి మార్చండి. ఏ రెండు నొక్కి ఉంటే మూడోది ఆగుతోందో నోట్‌ప్యాడ్ తెరిచి నొక్కి చూస్తే తెలుస్తుంది. చాలాసార్లు కొత్త కీబోర్డు అవసరం పడదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చెబుతాను. 2021 మొదట్లో, ప్రాసెసర్లు తయారుచేసే ఏఎండీ సంస్థ 500 శ్రేణి చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డులు వాడేవారు చాలామంది ఒకే రకమైన ఇబ్బంది చెప్పడం మొదలుపెట్టారు. ఆడుతుంటే యూఎస్‌బీ పరికరాలు ఒక క్షణం తెగిపోతున్నాయి. యూఎస్‌బీ సౌండ్ పరికరాల్లో చిటపటలు. కీబోర్డు, మౌస్ ఆగి మళ్లీ వస్తున్నాయి. చాలాచోట్ల వారికి దొరికిన జవాబు ఏమిటి? విండోస్ మళ్లీ వేయండి, తీగ మార్చండి. కొందరు మదర్‌బోర్డులే మార్చారు. ఆ ఫిబ్రవరిలో ఏఎండీ సమస్య ఉన్నదని బహిరంగంగా ఒప్పుకుని, మీ దగ్గర ఏ పరికరాలు ఉన్నాయో, ఎలా చేస్తే తెగుతోందో రాసి పంపమని వాడుకరులనే అడిగింది. తర్వాత ఏజెసా 1.2.0.2 అనే దిద్దుబాటు కొత్త బయోస్‌లలో, అంటే కంప్యూటరును మొదట లేపే మదర్‌బోర్డు ప్రోగ్రాములలో వచ్చింది. అంతవరకు గ్రాఫిక్స్ కార్డు వంటివి తగిలే పీసీఐఈ దారి వేగాన్ని 4వ తరం నుంచి 3వ తరానికి తగ్గించుకోవడం వంటి ఉపాయాలతో నెట్టుకొచ్చారు.

యూఎస్‌బీలో శబ్దానికి ముందుగా దెబ్బ తగలడానికి కారణం ఉంది. మౌస్ కబురు దారిలో పోతే యూఎస్‌బీ మళ్లీ అడుగుతుంది. శబ్దం ముక్క పోతే మళ్లీ అడగదు, వేళ దాటిన శబ్దం తెచ్చి లాభం లేదు కనుక. పోయినచోట ఖాళీయే మిగులుతుంది. తీగలో, హబ్‌లో, పోర్టులో ఎక్కడ చిన్న తేడా ఉన్నా అందరికంటే ముందు చెప్పేది శబ్దమే.

మరుసటి ఏడాది ఇంకొకటి. విండోస్ 11కు టీపీఎం అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి కావడంతో చాలామంది బయోస్‌లో ఎఫ్‌టీపీఎం, అంటే విడి చిప్ లేకుండా ప్రాసెసరులోనే నడిచే టీపీఎం, ఆన్ చేశారు. ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి కంప్యూటరు మొత్తం కుదుపుకు లోనై, శబ్దం సాగి, మళ్లీ మామూలవుతోందని చెప్పారు. 2022 మార్చిలో ఏఎండీ కారణం చెప్పింది: ఎఫ్‌టీపీఎం మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో సుదీర్ఘంగా మాట్లాడుతోంది, ఆ కాసేపు మిగతావన్నీ ఆగుతున్నాయి. దిద్దుబాటు బయోస్ మే నెల నుంచి వస్తుందని చెప్పింది. ఇదే ఎఫ్‌టీపీఎం లైనక్స్‌లో యాదృచ్ఛిక సంఖ్యల కోసం వాడినప్పుడు కూడా కుదుపులు తెస్తోందని తేలి, 2023లో ఆ వాడకాన్ని లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌లో ఆపేశారు.

ఇవి ఎందుకు చెబుతున్నానంటే, ఆ వాడుకరులు చెప్పింది మొదటి రోజు నుంచీ నిజం. ఎవరూ ఊహించుకోలేదు. “ఎప్పుడో ఒకసారి, అర సెకను తెగుతోంది” అని ఒక పిల్లవాడు మన దగ్గరకు వచ్చినప్పుడు మనం ఐదు నిమిషాలు చూసి, “బాగానే ఉంది, తీసుకెళ్లు” అనడం సులువు. ఆ ఐదు నిమిషాల్లో అది తెగదు. మీ కంటి ముందు జరగలేదని లేనట్టు కాదు. అతని చేతికి ఒక కాగితం ఇవ్వండి. తెగిన ప్రతిసారీ గంట, నిమిషం, అప్పుడు ఏమి నడుస్తోంది, ఇవి రాసుకురమ్మనండి. లయ ఉందా చూడండి. సరిగ్గా నిమిషానికో, రెండు నిమిషాలకో వస్తుంటే ఏదో ప్రోగ్రామో డ్రైవరో గడియారం పెట్టుకుని లేస్తోంది. దృశ్యం బరువెక్కినప్పుడే వస్తే గ్రాఫిక్స్ వైపు చూడండి. మౌస్ కాసేపు ముట్టుకోకుండా ఉంచి మళ్లీ పట్టుకున్నప్పుడు వస్తే, విండోస్ కరెంటు పొదుపు కోసం ఆ యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చుతోందేమో డివైస్ మేనేజర్లో చూసి ఆ టిక్కు తీసేయండి.

మార్చేది ఏదైనా ఒక్కసారికి ఒక్కటే మార్చండి. బయోస్, డ్రైవరు, తీగ, సెట్టింగు అన్నీ ఒకే సాయంత్రం మార్చేస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. బయోస్ మార్చే ముందు, డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ రాసుకుని, తాత్కాలికంగా ఆపి, అప్పుడు మొదలుపెట్టండి. లేకపోతే ఆ కుటుంబం ఫోటోలు తాళం వెనుక ఉండిపోతాయి. కరెంటు పోయే వేళల్లో, యూపీఎస్ లేకుండా బయోస్ ముట్టుకోకండి.

సరే, తెర చూద్దాం. నలభై నిమిషాలు నడిచింది. ముందు వరుసలో కూర్చున్నవారు విన్నారా? మధ్యలో పాట కొన్నిసార్లు టిక్కుమంది. ఒకరు చెయ్యి ఎత్తుతున్నారు, మూడుసార్లు విన్నారట. ఇదిగో, డ్రైవర్ల పట్టీ. ఎక్కువ సమయం తీసుకున్నదాన్ని పైకి వచ్చేలా అమరుస్తున్నాను. మొదటి వరుసలో ఉన్నది వైఫై కార్డు డ్రైవరు. ఒక్క విడతలో 4,100 మైక్రోసెకన్లు పట్టుకుంది. ఉండవలసింది 100 లోపు అని చెప్పుకున్నాం. గ్రాఫిక్స్ డ్రైవరు రెండో వరుసలో ఉంది, దాని అంకె మామూలుగానే ఉంది. హెడ్‌సెట్ రెండుసార్లు మార్చిన ఇల్లు ఇది.

ఇది అనుమానమే, ఇంకా రుజువు కాలేదు. వైఫై కార్డును డివైస్ మేనేజర్లో ఆపేస్తున్నాను. గోడ దగ్గరున్న ల్యాన్ తీగ ఇటు అందించండి. ఆ, తగిలించాను. పాట మళ్లీ పెడుతున్నాను, లేటెన్సీమాన్ సున్నా నుంచి మొదలైంది. ఇంకేమీ మార్చలేదు. బాబూ, ఇది నీ కంప్యూటరే కదా, ఇటు వచ్చి హెడ్‌సెట్ పెట్టుకో. ఆట తెరువు. తెగితే చెయ్యి ఎత్తు, నేను సమయం రాసుకుంటాను.